సరస్వతి ఆకు బిళ్లలు

పరవాడలోని ఒక మందుల కంపెనీలో మధులతది ప్యాకింగ్ పని. బెల్టు మీద వచ్చే సీసాల్లో మూత సరిగా పడనివి తీసి పక్కన పెట్టాలి. ఆ గదిలో కుర్చీలుండవు. గౌను, టోపీ, మాస్కు తొడుక్కుని ఒకసారి లోపలికి వెళ్తే భోజనాల గంట కొట్టేదాకా నిలబడాల్సిందే. బయటకు రావాలంటే రెండు తలుపులు. ఒకటి మూసుకుంటే తప్ప రెండోది తెరుచుకోదు.

నాలుగేళ్లకి ఆమె ఎడమ పిక్క మీద నరాలు ఉబ్బి మెలికలు తిరిగాయి. పద్మనాభంలో ఉండే తల్లి సన్యాసమ్మ పొలం గట్ల మీద సరస్వతి ఆకు కోసి, తడిగుడ్డలో చుట్టి ఆదివారాలు తెచ్చేది.

"రోజూ పచ్చడి సేసుకుని తిను. మీ అమ్మమ్మ కాళ్లకి ఇదే మందు," అనేది.

మధులత తినేది. మంట కాస్త తగ్గినట్టుండేది. నరాలు మాత్రం అలాగే ఉండేవి.

ఆ జూన్‌లో బెల్టు మీదికి కొత్త బిళ్లల సీసాలొచ్చాయి. లేబుల్ మీద బొమ్మ చూడగానే ఆమె గుర్తుపట్టింది. గుండ్రటి ఆకు, అంచున గంట్లు. కింద, కాళ్ల నరాలకు, రక్తప్రసరణకు అని ఇంగ్లీషులో రాసుంది.

"దేవీ, ఇది మాయమ్మ తెచ్చే ఆకే," అంది పక్కన నిలబడి పనిచేసే దేవితో.

"అయితే ఆ సీసాలేవో మన కాళ్లకే ఇమ్మను," అంది దేవి.

వారం తిరక్కుండా ఒక ఉదయం మధులత మడమ దగ్గర వెచ్చగా తడి తగిలింది. చెమట అనుకుంది. కిందికి చూస్తే తెల్ల బూటు తొడుగు ఎర్రబడుతోంది. కిందటి నెలలో కళ్లు తిరిగి పడిన ఒకామెని మళ్లీ పనికి పిలవలేదు. ఇంట్లో జీతం వచ్చేది తనొక్కదానికే. కుడికాలితో ఎడమకాలిని అదిమిపట్టి సీసాలు చూస్తూ నిలబడింది.

అది దేవి కంటపడింది. వెంటనే ఎర్ర బటన్ నొక్కి బెల్టు ఆపేసింది.

"ఎవరు ఆపారు?" అంటూ వచ్చాడు సూపర్‌వైజర్ ఉమాశంకర్.

"నానే సార్. నరం సిట్లిపోయింది దీనికి."

తలుపుల మధ్య పెట్టెల బండి అడ్డంగా ఇరుక్కుని ఉంది. అది కదిలేదాకా ఎవరూ బయటకు పోలేరు. దేవి ఆమెను నేల మీద పడుకోబెట్టి, కాలు అట్టపెట్టెల మీదికెత్తి, అరచేత్తో గట్టిగా నొక్కిపట్టింది. నాలుగేళ్లలో ఆ గదిలో మధులత కాళ్లకు విశ్రాంతి దొరికింది అప్పుడే. లేవాలనిపించలేదు. అందుకు ఆమెకే భయం వేసింది.

పదిరోజుల తర్వాత, నరాలకు ఆపరేషన్ చేయాలని, ఎక్కువసేపు నిలబడే పని వద్దని డాక్టరు రాసిచ్చిన కాగితం తెచ్చింది. ఉమాశంకర్ చదివి మడిచాడు.

"ఇది ఆఫీసుకిస్తే మిమ్మల్ని ఇంక లోపలికి రానివ్వరమ్మా. నేను చూడలేదనుకుంటాను, దాచేసుకోండి."

"దాసుకుంటే కాలు ఊరుకోదు కదా సార్." ఆమె ఇంకో కాగితం తీసింది. స్టూలు కావాలని రాసిన అర్జీ. కింద తనదీ దేవిదీ కలిపి పదకొండు సంతకాలు. "రెండూ ఇచ్చీండి."

మూడు వారాలకు ఒక స్టూలు వచ్చింది. పదకొండుమందికి ఒక్కటే. వంతుకు పదిహేను నిమిషాలు. ఆపరేషన్ తేదీ ఇంకా రాలేదు. తన వంతు రాగానే మధులత కూర్చుంది. గడియారం చూస్తూనే సీసాలు చూసింది. టైమవగానే లేచి నిలబడింది.