రైలుపట్టా గంట

మధ్యాహ్నం రెండు దాటినా అన్నం మూటలు ఇంకా గట్టుమీదే ఉన్నాయి. ఈ సాలు అయ్యాకే తిండి అని మేస్త్రి బాబూరావు అన్నాడు గానీ, సాలు అవడమే లేదు. తల్లాడ పక్కన ఆరెకరాల మిరపతోటలో ఇరవై రెండు మంది ఆడవాళ్ళు నడుం వంచి పండుకాయలు ఏరుతున్నారు. అందరూ అడవి పక్క గుంపు అనే కోయపల్లె నుంచి, దాని అవతలి తండా నుంచి ట్రాలీ ఆటోలో గంటన్నర నిలబడి వచ్చినవాళ్ళు. మార్చి ఎండ మిరపతోటలో పైనుంచే కాదు, ఆకుల కిందినుంచి కూడా కొడుతుంది.

జంపక్క పక్క సాలులో కళావతి చేతులు ఆగిపోయాయి. కళావతి జంపక్కకు తమ్ముడి కోడలు. ఎనిమిది నెలల పాపను అత్త దగ్గర వదిలేసి కూలికి వస్తోంది.

"ఏందే పిల్లా, ఆగినవ్?"

"చేతులు చూడత్తా."

వేళ్ళ కొసల తోలు లేచిపోయింది. గోళ్ళ సందుల్లో ఎర్రగా పచ్చిపుండ్లు.

"పాప నా దగ్గరకు వస్తలేదత్తా. చెయ్యి తగిలితే సాలు, మంటకు కెవ్వుమంటంది. బూడిదతో రుద్దిన, చల్లతో కడిగిన, నూనె పూసిన. ఘాటు పోతలేదు. పాలిచ్చేటప్పుడు మా అత్త పట్టుకుంటది. నేను చేతులు ఎనక్కి పెట్టుకొని కూసుంట."

తల్లి చేతులు వెనక్కి పెట్టుకొని పాలిచ్చే కాలం వచ్చిందా అనుకుంది జంపక్క.

"ఒక్క రోజు ఆగితే కొత్త తోలొస్తది."

"ఎవరు ఆగనిస్తరు? ఒక్క నాగా పెడితే నా జాగల ఇంకొకళ్ళను ఎక్కిస్తడు. మూడొందల యాభై ఎవరికి చేదు?"

నిజమే. కోతలు మొదలై ఐదు వారాలైంది. ఐదు వారాల్లో ఒక్క ఆదివారం కూడా ఆ ఇరవై రెండు మందికి సెలవు లేదు. జంపక్క కొంగుతో మొహం తుడుచుకొని, గట్టుమీద ఫోన్ మాట్లాడుతున్న బాబూరావు దగ్గరికి నడిచింది.

"బాబూరావు, రేపు ఆదివారం గదా. ఆడోళ్ళ చేతులు పుండ్లయినయి. ఒక్క రోజు ఆపరాదు?"

బాబూరావు చెడ్డవాడేమీ కాదు. అవతలి తండా మనిషే, పదేళ్ళ క్రితం తానూ ఇదే తోటల్లో బస్తాలు మోశాడు. మోసినవాడికి మోసేవాళ్ళ బాధ తెలుస్తుందంటారు గానీ, మేస్త్రి అయ్యాక గుర్తుండాలని ఎక్కడా రాసిలేదు.

"ఆదివారమని కాయ పండుడు ఆగుద్దా జంపక్కా? ఖమ్మం యార్డుల రేటు మంచిగుంది. మబ్బు పడితే అంతా తాలుకాయే. తోట ఆసామి రవికుమార్ సారు నా పీకల మీద కూసున్నడు." ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "రేపు ఇంకో అరగంట ముందే గంట కొట్టు. నాలుగింటికి."

"దేవుని గంట అది," అంది జంపక్క, మెల్లగా.

"అవ్, దేవుని గంటే. ఆ దేవుని మీద రేకులు ఎవరేయించిర్రు?"

జంపక్క తిరిగి సాలులోకి వచ్చింది. వెనక నుంచి ఎవరో, "ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఊకెనే అన్నరా?" అని గొణిగారు. ఎవరూ నవ్వలేదు.

* * *

గుంపులో ఇప్పచెట్టు కింద రేకుల షెడ్డు ఒకటుంది. అదే గుడి. దాని తాళంచెవి జంపక్క మెడలో నల్లదారానికి వేలాడుతుంటుంది. ఇప్పకొమ్మకు ఇనుప తీగతో కట్టిన మూరెడు రైలుపట్టా ముక్కే గంట. పాత పాస్టరు కోటేష్ అయ్యగారు బతికున్న రోజుల్లో బోనకల్‌లో పాతసామాన్ల వాడి దగ్గర కొని సైకిల్ మీద కట్టుకొచ్చాడు. దాన్ని కొట్టే బోల్టు కూడా ఆయన తెచ్చిందే. మూడు దెబ్బలు, ఒక ఊపిరి ఆగడం, మళ్ళీ మూడు. అలా కొట్టడం జంపక్కకు ఆయనే నేర్పాడు.

"ఇది దేవుణ్ణి పిలిచేది కాదమ్మా, ఆయన ఎట్లాగూ వస్తడు. అలిసినోళ్ళను రమ్మని పిలిచేది," అనేవాడు.

అప్పట్లో ఆరు కుటుంబాలు వచ్చేవి. ఆయన పోయాక ఒక్కొక్కరే జారిపోయారు. కొత్త పాస్టరు ఉదయ్ భాస్కర్‌కు పదకొండు ఊళ్ళు. ఈ గుంపుకు నెలకొక ఆదివారం బండి మీద వచ్చి పోతాడు. మిగతా ఆదివారాలు జంపక్క ఒక్కతే తాళం తీసి, ఊడ్చి, చాప పరిచి, తనకొచ్చిన రెండు పాటలూ పాడుకునేది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని తమ్ముడు ఎగతాళి చేసేవాడు. ఆమె బాప్తిస్మం తీసుకున్న నాటినుంచి తమ్ముడి ఇంట్లోవాళ్ళు ఆమె ఇంట మంచినీళ్ళు ముట్టలేదు. కొలుపులకు పిలవరు. చావుకు మాత్రం పిలుస్తారు, ఏడవడానికి మనుషులు కావాలి కాబట్టి.

ఆమె ఏ ఆశతోనూ ఈ దారి పట్టలేదు. నాలుగేళ్ళ కింద భర్త భద్రయ్యను కామెర్లతో భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయింది. మూడు రోజులు వరండాలో కూర్చుంది. డాక్టర్లు చెప్పింది అర్థం కాలేదు, అడగడానికి నోరు రాలేదు. మూడోనాడు పొద్దున మంచం ఖాళీ చేయమన్నప్పుడు గానీ మనిషి పోయాడని తెలియలేదు. పిల్లలు లేరు, వెంట ఎవరూ లేరు. ఆ వరండాలో ఊడుస్తున్న ఆయా, హేమ్లి అనే లంబాడామె, చీపురు గోడకానించి వచ్చి పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకుంది. కళ్ళు మూసుకొని, "ప్రభువా, ఈమె ఎవరో ఈడ ఎవరికీ ఎరుక లేదు. నీకు ఎరుకే," అంది.

అంతే. భద్రయ్య లేవలేదు, ఏ అద్భుతమూ జరగలేదు. కానీ ఆ మాట జంపక్క గుండెలో కూర్చుండిపోయింది. తను ఒకరికి ఎరుకే అన్న ధైర్యంతోనే ఆమె ఒంటి గుడిసెలో ఒంటి పొయ్యి వెలిగించుకుంటోంది. పగలంతా మేస్త్రితో, షావుకారుతో తెలుగు మాట్లాడి, సాయంత్రం ఆ షెడ్డులో కూర్చొని దేవుడితో కోయలో మాట్లాడేది. ఇంటి మాటలే. మేక ఈనిందని, మోకాలు నొస్తోందని. ఆయన వినేవాడు. వింటున్నాడని ఆమెకు తెలిసేది.

ఇదంతా ఐదు వారాల కిందటి మాట. కోతలు మొదలైనప్పుడు బాబూరావు వచ్చి, "ఫోన్లకు ఎవరూ లేస్తలేరు, నీ గంటకైతే గుంపంత లేస్తది" అన్నాడు. గుడికి రేకులు వేయించిన మనిషి, పనిచ్చే మనిషి. కాదనలేక కొట్టింది. అదే మూడు దెబ్బలు, అదే ఆగడం. మొదటి ఆదివారం కూడా కొట్టింది. ఆనాటినుంచి సాయంత్రం షెడ్డులో కూర్చుంటే నోరు పెగలడం లేదు. కోయ మాట కూడా రావడం లేదు.

* * *

అదే శనివారం చీకటి పడేవేళ ఆటో దిగి ఇంటికి వస్తుంటే, తమ్ముడి ఇంట్లో పాప గుక్కపట్టి ఏడుస్తోంది. జంపక్క షెడ్డు గడపమీద కూర్చొని పాస్టరుకు ఫోన్ చేసింది.

"అయ్యగారూ, రేపు కూడా పనికే గంట కొట్టమంటుండు. కొట్టాల్నా?"

"చూడమ్మా, రేకులు ఆయనే వేయించాడు. లేనిపోని గొడవ పెట్టుకోవద్దు. ప్రార్థన చెయ్యి. దేవుడు అన్నీ చూస్తున్నాడు."

"అదే అయ్యగారూ, చూస్తుండనే అడుగుతున్న," అంది జంపక్క. లైను కట్టయింది. సిగ్నల్ పోయిందో, ఆయనే పెట్టేశాడో ఆమెకు తెలియదు.

లోపలికి పోయి చాప మీద కూర్చుంది. చాలాసేపటికి గానీ మాట రాలేదు. వచ్చింది ఒక్కటే. "అలిసినోళ్ళను పిలిచే నీ గొంతు తీసి మేస్త్రికిచ్చిన తండ్రీ," అని కోయలో అంది. అన్నాక ఏడుపొచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేదు, ఓదార్చేవాళ్ళు ఎవరున్నారు గనక. అయినా ఏడుపు ఆగేసరికి ఆ దవాఖానా వరండాలో లాగానే, పక్కన ఎవరో వచ్చి కూర్చున్నట్టు మనసు నెమ్మళించింది. ఐదు వారాల తర్వాత ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టింది.

* * *

అలవాటు కొద్దీ ఆదివారం మూడున్నరకే మెలకువ వచ్చింది. ఇప్పచెట్టు కిందికి వచ్చి, బోల్టు తీసి ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. పూలు ఒక్కొక్కటే రాలుతున్నాయి. నాలుగైంది. నాలుగుంపావైంది. గుంపులో ఒక్క దీపం వెలగలేదు.

నాలుగున్నరకు ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. తండా నుంచి ఎక్కిన ముగ్గురు ఆడవాళ్ళు అందులో నిలబడే కునుకుతున్నారు. బాబూరావు దిగాడు.

"ఏంది జంపక్కా, గంటేది? ఒక్కలన్న లేవలే."

"కొట్టలే."

"పానం బాగలేదా?"

"బాగనే ఉంది. కొట్టనియ్యను. ఇయ్యాళ ఆదివారం."

బాబూరావు ఆమె వైపు వింతగా చూశాడు. ఐదు వారాలు ఒక్క పూట గంట తప్పని మనిషి. "బోల్టు ఇటియ్యి."

జంపక్క బోల్టును కొంగులో చుట్టుకొని గట్టిగా పట్టుకుంది. "ఇయ్య."

అతను కిందికి వంగి ఒక రాయి తీసుకొని రైలుపట్టా మీద దబదబా బాదాడు. రాయి దెబ్బకు ఇనుము సరిగా పలకలేదు. ఆ మోతలో ఆగడం లేదు, ఊపిరి లేదు. అక్కడక్కడా తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్ళు గడపల్లో నిలబడి చూశారు. అది జంపక్క చెయ్యి కాదని అందరికీ తెలిసింది. ఆటో హారన్ కొట్టాడు, పేర్లు పెట్టి పిలిచాడు. నలుగురు కొంగు బిగించుకొని వచ్చి ఎక్కారు. మిగతావాళ్ళు ముందు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒక తలుపు మూసుకుంది. దాని పక్కది మూసుకుంది.

"రేపటి సంది నువ్వు పనికి రాకు," అన్నాడు బాబూరావు. "ఆ రేకులు కూడ ఊడదీపిస్త."

"తీస్కపో. చెట్టు కింద కూసుంట."

ఆటో వెళ్ళిపోయింది. వెలుగు వచ్చేసరికి కంచె అవతల తమ్ముడి భార్య పేడ ఎత్తుతూ నిలబడింది.

"మంచి పని చేసినవ్ వదినే. ఇయ్యాళ మూడొందల యాభై నీ దేవుడు పెడతడా?"

రేపు తను ఏం తింటుందో కూడా జంపక్కకు తెలియదు. "పెట్టడు," అంది. "కూలి గీడ మనుషులే ఇయ్యాలె."

తమ్ముడి భార్య తట్ట నెత్తికెత్తుకొని పోయింది.

మెచ్చుకోవడానికి ఎవరూ రాలేదు. జంపక్క షెడ్డు తాళం తీసింది, ఊడ్చింది, చాప పరిచింది. ఎండ ఇప్పచెట్టు మొదలు దాటింది, అంటే తొమ్మిదైనట్టే. ఆరాధన వేళ. ఈ గంటైనా తన దేవుడి కోసం కొట్టాలని బోల్టు చేతబట్టి బయటికొచ్చింది. చెయ్యి పైకెత్తింది.

అప్పుడే కంచె మీదుగా తమ్ముడి ఇంటి అరుగు కనిపించింది. కళావతి చాపమీద నిద్రపోతోంది. అంత ఎండెక్కినా కదలిక లేదు, నోరు కాస్త తెరుచుకొని ఉంది. పాప తల్లి కడుపుకు అంటుకొని పడుకుంది. కళావతి రెండు చేతులూ మాత్రం పాపకు తగలకుండా దూరంగా, అరచేతులు పైకి పెట్టి చాపి ఉన్నాయి. నిద్రలో కూడా ఆమె ఆ జాగ్రత్త మరిచిపోలేదు.

జంపక్క ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. పక్కింటి తలుపూ మూసే ఉంది. దాని అవతలిదీ మూసే ఉంది. గుంపంతా తొమ్మిదింటికి నిద్రపోవడం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

చెయ్యి దించింది. బోల్టును చప్పుడు కాకుండా చెట్టు మొదట్లో పెట్టింది. లోపలికి వెళ్ళి చాపమీద ఒక్కతే కూర్చొని, తనకొచ్చిన రెండు పాటల్లో ఒకటి ఎత్తుకుంది. నిద్రపోయేవాళ్ళకు వినపడకుండా, బాగా గొంతు తగ్గించి.