బల్లకు దూరం

శనివారం పొద్దున్నే ఎండుద్రాక్ష నానబెట్టాలి. మైదుకూరులో మదార్ సాహెబు అంగట్లో తెచ్చిన ద్రాక్ష మధ్యాహ్నానికి ఉబ్బుతుంది. పిసికి, వడగట్టి, ఒక్క పొంగు రానిస్తే మా గుడిలో ఆదివారం అందరూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్లకు రసం సిద్ధం. గోధుమపిండి పులవకుండా కలిపి రొట్టె కాల్చాలి. బల్లమీద పరిచే తెల్లగుడ్డకు గంజి పెట్టాలి. మా ఆయన బాలస్వామి డీకనైన ఈ పదకొండేళ్లూ ఈ పని నాదే. ఆయన పని తెల్లచొక్కా తొడుక్కుని గిన్నె అందరికీ అందించడం. ఆ చొక్కా ఉతికేదీ నేనే అనుకోండి.

డీకనంటే పరిచారకుడనీ, రోగులనూ దిక్కులేనివాళ్లనూ చూసుకోవడం అతని పననీ ఎన్నుకున్న రోజు పాస్టరయ్యగారు గుడిలో చదివి వినిపించారు. ఇంటికొచ్చాక మా ఆయన అన్న మొదటి మాట, "సన్నక్కవ్వకు జరమంట. గంజి పోసి రాపో." అప్పట్నుంచి గంజి నాది, పేరు ఆయనది. ఏడాదికోసారి మిషను తెల్లదొర వచ్చి, "నీవు రోగులను చక్కగా పరామర్శించుచున్నావు" అని భుజం తడితే ఆయన తలవంచుకుని నవ్వేవాడు. ఆ పూట దొరగారి పళ్లెం కడుగుతూ నేనూ వినేదాన్ని.

ఈ ఎండల్లో సన్నక్కవ్వ పూర్తిగా మంచాన పడింది. నడుము కింద పుండ్లు. నా అన్నవాళ్లు లేని మనిషి. రోజూ కడిగి, గుడ్డ మార్చి, జొన్నగంజి తాగించేదాన్ని. ఆమె అడిగేది ఒక్కటే. "నాకు బల్ల తేలేదామ్మా? పోయేలోపల ఒక్క తూరి." గుడిలో మిగిలిన రొట్టె, రసం అలాంటివాళ్లకు డీకనే తీసుకెళ్లి ఇవ్వాలి. ఆడది ఇవ్వకూడదు. చేయొచ్చు, ఇవ్వకూడదు.

మూడు ఆదివారాలు ఆయన్ను బతిమాలాను. "శానా ఎండగా ఉండాది" అన్నాడొకసారి. "వచ్చే వారం పోతాలే" అన్నాడింకోసారి. మూడోసారి నిజం చెప్పాడు. "ఆ కంపు నాకు పడదు." నాకు పడుతుందా అని మాత్రం ఎవరూ అడగలేదు.

నాలుగో ఆదివారం ఆయన తిని పడుకున్నాడు. గూట్లో రొట్టె ముక్క, చిన్న గిన్నెలో రసం ఉన్నాయి. గిన్నెలు తోముతూ వాటినే చూస్తున్నాను. ఎంత అలసిపోయానంటే భయపడ్డానికి కూడా ఓపిక లేదు. చేతులు కడుక్కుని, కొంగు తలమీద కప్పుకుని, రెండూ తీసుకుని వెళ్లాను. ఏ వాక్యం చెప్పాలో వినీ వినీ నోటికి వచ్చేసింది. రొట్టె తడిపి అవ్వ నోట్లో పెట్టాను.

"నువ్వే తెచ్చినావా?"

"నేనే అవ్వా."

"మంచిపని చేసినావు. ఇన్ని దినాలూ నాకు పెట్టిన చెయ్యే గదా."

అక్కడే కూర్చుని ఏడ్చాను. మంగళవారం అవ్వ పోయింది.

"డీకనమ్మ బల్ల ఇచ్చింది, తృప్తిగా పాయె" అని సమాధి దగ్గర పక్కింటామె మెచ్చుకోలుగానే అంది. గురువారానికల్లా పెద్దలు గుడిలో కూర్చున్నారు. వాళ్లలో పెద్దయిన పుల్లన్న మామ అడిగాడు, "రాహేలమ్మా, ఆడదానివి, నీకెవరిచ్చినారు ఆ అధికారం?" మా ఆయన వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు. అవ్వకు మూడు వారాలు బల్ల ఎందుకు అందలేదో ఒక్కరూ అడగలేదు. మూడు నెలలపాటు నన్ను బల్లకు దూరం పెట్టాలని తీర్మానించారు. "నా పరువు తీసినావు" అన్నాడాయన దారిలో.

శనివారం పొద్దున్నే ఆయన గొంతు. "రేపు బల్ల ఉండాది. ద్రాక్ష నానేసినావా?"

తెల్లబోయాను. "నన్ను దూరం పెట్టినారు గదా?"

"తినేదానికే గదా. చేసేదానికి ఎవరేమన్నారు?"

ఎగతాళికి అనలేదు. నిజంగానే ఆయనకు అందులో తప్పేమీ కనిపించలేదు.

ద్రాక్ష డబ్బా, పిండి, వడగట్టే గుడ్డ తెచ్చి ఆయన ముందు పెట్టాను. లోపలికి పోయి చాప పరుచుకుని పడుకున్నాను. ఒంట్లో బాగుండి పగటిపూట నడుము వాల్చడం పెళ్లయ్యాక అదే మొదలు. కాసేపు డబ్బా మూత చప్పుడైంది. తర్వాత ఆయన గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మే, నీళ్లు ఎంత పోయాల?"

కళ్లు తెరవలేదు.

"పుల్లన్న మామనడుగు పో."