కిటికీ ఎక్కని ఊచ

అక్టోబరు పద్నాలుగు, ఉదయం ఏడు గంటలు. విజయనగరంలో హైమావతి టీచరు కొత్త ఇంట్లో రాత్రి వానకు పడకగది కిటికీ పైన గోడ తడిసింది. గృహప్రవేశం జరిగి పందొమ్మిది రోజులు.

నేను ఒక ఇనుప ఊచను. పదకొండేళ్ల కిందట ఒక గ్రిల్లు షాపులో నన్ను కిటికీ కోసం కోశారు. రెండు వేళ్లు పొట్టినయ్యాను. కోసినవాడు నన్నే తిట్టి మూలకు విసిరాడు. కొలత తీసింది తనే. తాపీమేస్త్రి పైడియ్య నన్ను అక్కడి నుంచి ఏరుకున్నాడు.

అప్పటి నుంచి నా పని ఒకటే. సన్‌షేడ్ అడుగున సిమెంటు మాలు పచ్చిగా ఉండగా, అంచుకు అంగుళం లోపల పైడియ్య నన్ను అదిమి తీస్తాడు. గాడి పడుతుంది. అంచు దిగి అడుగున పాకే వాననీరు ఆ గాడి దగ్గర ఆగి, చుక్కలుగా రాలుతుంది. గాడి లేకపోతే గోడలోకి పోతుంది. ఈ ఇంట్లో ఆరు కిటికీలకు గాడి తీశాను.

పక్క స్థలంలో తన తమ్ముడు కట్టబోయే ఇంటి పని పైడియ్యకే ఇప్పిస్తానని టీచరు మాటిచ్చి ఉంది. ఆ ఉదయం అతన్ని పిలిపించింది.

"ఏం మేస్త్రీ, నెల తిరగలేదు. మా తమ్ముడికి నీ పేరు ఏ మొహంతో చెప్పను?"

"సూడకుండా ఏటీ సెప్పనేనమ్మా. ఓ బక్కెట్టు నీలిప్పించండి."

నిచ్చెనెక్కి పడకగది సన్‌షేడ్ మీద చెంబెడు నీళ్లు పోశాడు. నీళ్లు అడుగున పాకి గోడను తాకాయి. పైడియ్య అడుగున చేత్తో తడిమాడు.

"గాడేదమ్మా?"

"ఆ గీతా? పగులనుకుని పెయింటరు చేత పుట్టీ పెట్టించాను."

"పగులు అంత తిన్నగా ఉంటాదేటమ్మా? సదువు సెప్పేవోరు, నన్నో మాట అడగొద్దా?"

వంటింటి కిటికీ దగ్గర సందు ఇరుకు, నిచ్చెన పట్టదు. పెయింటరు అక్కడ గాడి జోలికి పోలేదు. పైడియ్య కింద నుంచే చెంబుతో నీళ్లు సన్‌షేడ్ మీదికి విసిరి కొట్టాడు. టీచరు తల పైకెత్తి చూసింది. గాడి నుంచి రాలిన చుక్క ఆమె కళ్లద్దాల మీద పడింది.

"నవ్వకు," అంది.

"నవ్వలేదమ్మా."

నవ్వాడు.

నా కొసతో మిగతా ఐదు గాడుల్లో పుట్టీ గీకేసరికి సాయంత్రమైంది.

ఇరవై రెండున తూర్పు వాన మూడు గంటలు కొట్టింది. పైడియ్య సంచితో వరండాలో కూర్చున్నాడు. సంచిలో నేను. వాన ఆగాక టీచరు పడకగది గోడకు అరచేయి ఆనించింది. తమ్ముణ్ణి పిలిచి అతని చేయీ ఆనించింది. గోడ పొడిగా ఉంది.

నవంబరు రెండు, ఉదయం ఆరున్నర. పక్క స్థలంలో పునాదికి పైడియ్య ముగ్గు పోశాడు.