ఎనిమిది బస్తాల మాట

తవుడు వాసన.

వెచ్చగా, తియ్యగా, సన్నని పొడిలా ముక్కులోకి దూరుతూ... మర ఆగి గంటయినా మిల్లంతా అదే వాసన.

ఈ వాసన కోసం మూడేళ్ళు ఆగాం.

మూడేళ్ళు — పొలంలో ఒక్క చుక్క పురుగుమందు పడకుండా. ముప్పైరెండు కుటుంబాలు. ఎకరం, ఎకరంన్నర... అంతకు మించి ఎవరికీ లేదు. పక్క పొలం పచ్చగా నవ్వుతుంటే, తమ పొలం మొహం వేలాడేస్తుంటే పళ్ళబిగువున ఓర్చుకున్నారు. "ఏం, ఈ ఏడూ పురుగులకేనా భోజనాలు?" అని ధాన్యం వ్యాపారి వెటకారమాడితే తలవంచుకుని వచ్చేశారు.

నా పని — వాళ్ళ బియ్యాన్ని సముద్రం అవతలికి చేర్చడం. రైతుకు న్యాయమైన ధర ఇచ్చి కొనే దుకాణాలు అక్కడున్నాయి. కాగితాలు నింపేది నేను. సంతకాలు పెట్టించేది నేను. చిలక్కి చెప్పినట్టు చెప్పిందీ నేనే.

ఏం చెప్పానో తలుచుకుంటే ఇప్పుడు నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది.

"ఎన్ని బస్తాలిస్తామని మాటిస్తే అన్నీ ఇవ్వాలి. ఒక్కటి తగ్గినా వాళ్ళు మళ్ళీ మన గడప తొక్కరు."

ప్రతి గుమ్మంలో చెప్పాను. ప్రతి వారం చెప్పాను.

ఆ ఉదయం లారీ వచ్చింది. ఆడవాళ్ళు బస్తాల మూతులు కుడుతున్నారు. నా చేతిలో ఆఖరి కాగితం... 'ఇందులో ప్రతి గింజా నమోదైన పొలాల నుంచే వచ్చింది' అని. కింద నేను సంతకం పెట్టాలి.

అప్పుడొచ్చాడు పెద్దాయన. అందరికంటే ముందు మందు మానేసిన మనిషి. ఆయన్ని చూసే మిగతా ముప్పైఒక్క మందీ ముందుకొచ్చారు. మొహం నిండా నవ్వు.

"ఈసారి నా పొలం నన్ను నవ్వులపాలు చేసేదేనమ్మా. పురుగు కాండం తొలిచేసింది. ఆరు బస్తాలే వచ్చాయి."

"ఎనిమిది ఇచ్చారుగా?"

"ఇవ్వక? చెప్పాక ఇవ్వాలిగా. రెండు మా అల్లుడి దగ్గర తెచ్చి కలిపా. నీదాకా రానిచ్చానా?"

అల్లుడు... వారానికోసారి వీపున డబ్బా కట్టుకుని మందు కొట్టే అల్లుడు.



అందరి వడ్లూ ఒకే తొట్టిలో పోశాం. ఒకే మరలో ఆడించాం. ఏ గింజ ఎవరిదో ఇక దేవుడు కూడా ఏరలేడు.

అరిచాను. నిండు మిల్లులో, ఆయన వయసు కూడా చూడకుండా అరిచాను.

"మందు కొట్టిన వడ్లు కలిపారా? మూడేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరు చేశారు కదా!"

ఆయనకు అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. మొహంలో నవ్వు ఎటు పోవాలో తెలియక అక్కడే ఉండిపోయింది.

"అయితే... మాట తప్పమంటావా అమ్మా?"

ఆయన దొంగయితే ఎంత బాగుండేది! నాలుగు తిట్టి, జాబితాలో పేరు కొట్టేసి ఊపిరి పీల్చుకునేదాన్ని. కానీ ఆ మనిషి అల్లుడి ముందు చెయ్యి చాచాడు. ఎవరి ముందూ చాచనివాడు, పిల్లనిచ్చిన ఇంటికి వెళ్ళి చాచాడు. నా మాట కోసం.

"రెండు బస్తాలేగా అక్కా... సముద్రంలో కాకిరెట్ట. సంతకం పెట్టెయ్" అంది బస్తా కుడుతున్నావిడ, సూది ఆపకుండా.

లారీ డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు.

పెడితే — అక్కడి పరీక్షలో మందు జాడ తేలితే, 'మందు లేని పంట' అని ముప్పైరెండు పొలాలకూ కలిపి ఉన్న ఒకే ఒక్క సర్టిఫికెట్ పోతుంది. మళ్ళీ మొదటి నుంచి మూడేళ్ళు. తేలకపోతే — నమ్మి కొన్నవాళ్ళ కంచంలో నా అబద్ధం.

పెట్టకపోతే ఈ పంటంతా ఆ వ్యాపారికే.

పెట్టలేదు.

కొనేవాళ్ళకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. "నిజం చెప్పినందుకు సంతోషం. వచ్చే పంటకు చూద్దాం" అన్నారు, ఎంతో మెత్తగా. ఆ మెత్తదనానికే నాకు ఒళ్ళు మండింది. మూడేళ్ళుగా తేమ ఎంత అని అడిగారు. నూక ఎంత అని అడిగారు. తక్కువ పండితే ఏం చేస్తారని ఒక్కనాడూ అడగలేదు...

నేను మాత్రం అడిగానా?

లారీ ఖాళీగా వెళ్ళింది. వ్యాపారి బండి వచ్చింది. ఆ రోజు అతను ఒక్క వెటకారమైనా ఆడలేదు. బస్తాలు ఎక్కించుకుని తలూపి వెళ్ళిపోయాడు. ఆ జాలిని భరించడం ఇంకా కష్టమైంది.

మళ్ళీ వానలు పడ్డాయి. మళ్ళీ కాగితాలు పట్టుకుని గుమ్మం గుమ్మం తిరుగుతున్నాను. ఈసారి సరిగ్గానే చెబుతున్నాను... తక్కువ పండితే తక్కువే ఇవ్వండి, అందులో తప్పేం లేదు అని. కాగితంలో ఒకే ఒక్క గడి నిండాలి — ఎన్ని బస్తాలు?

"చూద్దాంలే అక్కా."

"ముందు పండనీ."

నేను నోరు తెరవకముందే అంకె చెప్పిన మనుషులు వీళ్ళు!

పెద్దాయన నారుమడిలో ఉన్నాడు. పొలంలో ఇప్పటికీ మందు చుక్క లేదు. మోకాళ్ళదాకా బురద. గట్టు మీద నిలబడి, చెప్పాల్సిందంతా చెప్పాను. ఆ రోజు అరిచినందుకు తప్పైందని కూడా చెప్పాను. నారు కట్ట నీళ్ళలో జాడించి పక్కన పెట్టాడు.

"ఎన్ని రాసుకోమంటారు?"

"అంకె నీ ఇష్టం, వేసుకో అమ్మా." తలెత్తలేదు. "పండినంతా నీకే ఇస్తా. మాట మాత్రం ఇవ్వను."

తడి మట్టి వాసన.

పచ్చిగా, చల్లగా... కలం మూత తీసి గట్టు మీద కూర్చున్నాను. ఆయన మళ్ళీ వంగాడు.