ఎడమవాటం నత్త

మా పడకగదిలో ఏసీ పద్దెనిమిదిలో పెట్టాలా, ఇరవై నాలుగులో పెట్టాలా అన్నది మా ఇంట్లో ఏళ్ల తరబడి తేలని తగాదా. ఆ రోజు పొద్దున్న నేను దిండు కింద నుంచి రిమోట్ తీశానో లేదో, మా ఆయన అందుకున్నారు.

"రాత్రి మళ్లీ పెంచావు కదూ? ఒళ్లంతా చెమట."

"నాకు ముక్కు దిబ్బడ వేసింది."

"రెండో దుప్పటి కప్పుకోవచ్చుగా."

"మీరు బనియన్ విప్పుకోవచ్చుగా."

"అది నాకు అలవాటు లేదు," అన్నారు గంభీరంగా.

ఆయన ఏదైనా గంభీరంగానే చెబుతారు. అంతరించిపోతున్న జీవజాతుల సంరక్షణ కేంద్రానికి డైరెక్టరు. భూమ్మీద ఏ మూల ఏ కప్ప కనుమరుగైనా, ఆ కబురు చెప్పడానికి ఈయన్నే మైకు ముందుకు పిలుస్తారు. అక్కడ గొంతు పూడుకుపోతుంది కూడా. ఇంట్లో బల్లి కనిపిస్తే మాత్రం మంచమెక్కి నన్ను పిలుస్తారు.

ఆయన చెల్లెలు మాతోనే ఉంటుంది. అదే కేంద్రంలో, అన్నగారి కిందే, నత్తల గది చూసుకుంటుంది. పెద్ద గదేమీ కాదు. గోడకి అరలు, అరల నిండా ప్లాస్టిక్ పెట్టెలు, పెట్టెల్లో తడి ఆకులు. ఎక్కడో ఒక దీవిలో పుట్టి, అక్కడి అడవే పోయాక ఈ పెట్టెల్లో తప్ప ఇంకెక్కడా మిగలని నత్తలు అవి. చిటికెన వేలి గోరంత ఉంటాయి. మామూలు నత్తల గుల్ల కుడివైపుకి మెలితిరిగితే వీటిది ఎడమవైపుకి తిరుగుతుంది. అందుకే మా ఆడపడుచు వాటిని "మా ఎడమవాటం వాళ్లు" అంటుంది. వాటికి ఎప్పుడూ చల్లగా ఉండాలి. కిందటి వేసవిలో ఒక మధ్యాహ్నం కరెంటు పోతే సగం పెట్టెలు ఖాళీ అయ్యాయి.

ఆ పిల్ల వంటింట్లోకి వచ్చి గట్టుకి ఆనుకుని నిలబడింది.

"వదినా, అన్నయ్య నా గది ఏసీ విప్పించేస్తున్నాడు."

"ఎందుకూ?"

"రేపటి సభకి హాల్లో చల్లదనం చాలదట. రెండ్రోజులకే కదా అంటున్నాడు. ఇంకోటి అద్దెకి తెమ్మంటే, గేటు దగ్గర బొమ్మకే బడ్జెట్ అయిపోయిందట."

"అవి చచ్చిపోతాయని చెప్పావా?"

"ఆఫీసులో చెబితే ఇంట్లో మాట్లాడదాం అన్నాడు. ఇంట్లో చెబితే ఆఫీసు సంగతులు ఆఫీసులోనే అంటున్నాడు."

ఆ సభ పేరు "మిగిలినవైనా మిగుల్చుకుందాం". దేశదేశాల నుంచి వచ్చి, పోయిన జీవాల గురించి విచారపడి వెళతారు. ఈసారి సభకి గుర్తుగా ఈ నత్తనే పెట్టుకున్నారు. ఆ గుర్తు తాలూకు అసలు ప్రాణులు ఎండిపోకుండా చూడాలన్న ఆలోచన మాత్రం కమిటీలో ఒక్కరికీ తట్టలేదు.

మధ్యాహ్నం ఆయన కళ్లజోడు మరిచిపోయారని ఇవ్వడానికి కేంద్రానికి వెళ్లాను. గేటు దగ్గర కారంత ప్లాస్టర్ నత్త కూర్చుని ఉంది. మొనదేలిన గుల్ల, పైన మెరుపు రంగు. దాని పక్కన ఆయన డిప్యూటీ, తానే కని పెంచినంత మురిపెంగా చేతులు కట్టుకుని ఉన్నాడు.

"ఇది కుడికి తిరిగిందేమిటండీ?" అన్నాను.

"అటు నుంచి చూడండి మేడమ్, ఎడమకే ఉంటుంది."

మర్యాదకి అటు కూడా వెళ్లి చూశాను. అటు నుంచీ కుడికే ఉంది. ఈలోపు మా ఆయన వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, రెండడుగులు వెనక్కి వేసి తృప్తిగా చూసుకున్నారు.

"జీవం ఉట్టిపడుతోంది."

"అది మీ నత్త కాదు. లోపలున్న వాటికి దీనితో సంబంధం కూడా కుదరదు. మెలిక కలవదు."

"ఎవరు చూస్తారోయ్?"

"నత్తల గురించి మాట్లాడడానికే వస్తున్నారుగా అంతమంది."

"స్టేజీ మీద మాట్లాడతారు. ఇక్కడ ఫొటో దిగుతారు."

ఆయన నోట ఆ ఏడాది విన్న నిజం అదొక్కటే.

నత్తల గదిలో ఏసీ మెకానిక్ స్టూలెక్కి బోల్టులు విప్పుతున్నాడు. మా ఆడపడుచు తువ్వాళ్లు తడిపి పెట్టెల మీద కప్పుతోంది. గది అప్పుడే ఉక్కపోస్తోంది. ఒక పెట్టె మూత ఎత్తి చూపించింది. నత్తలన్నీ గుల్లల్లోకి ముడుచుకుపోయి, ఆకుల మీద రాళ్లలా పడి ఉన్నాయి.

"రెండ్రోజులు తట్టుకుంటాయా?"

"ఈ రాత్రి తట్టుకుంటే గొప్ప, వదినా."

"వీటి బాధ్యత ఎవరిది?"

"నాదే. వీటికేమైనా అయితే అడిగేది నన్నే."

"అయితే టాక్సీ పిలువు," అన్నాను.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయన మర్నాటి ఉపన్యాసం వినిపించారు. కూర చల్లారిపోతున్నా పట్టించుకోలేదు.

"ఒక్కో జాతి అంతరించినప్పుడల్లా, మన ఇంట్లో ఒక్కో తలుపు శాశ్వతంగా మూసుకుపోతుంది..."

"ఏ తలుపురా?" అన్నారు అత్తగారు.

"పోలిక అమ్మా."

"నీ పోలిక సంగతి నాకు తెలీదు గానీ, మీ పడకగది తలుపు సాయంత్రం నుంచీ మూసే ఉంది. ఎందుకే అమ్మాయ్?"

"చల్లదనం బయటికి పోకుండా అత్తయ్యా. నత్తల్ని అందులో పెట్టాం."

మా ఆయన చేతిలో కాగితం కిందికి దిగింది. చెల్లెలి వైపు తిరిగారు.

"ఆఫీసు ఆస్తిని ఎవరినడిగి ఇంటికి తెచ్చావు?"

"ఆఫీసు సంగతి ఆఫీసులో మాట్లాడదాం అన్నయ్యా," అంది ఆ పిల్ల, తలెత్తకుండా.

అత్తగారు నీళ్ల గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వు దాచుకున్నారు.

"రేపు అతిథులెవరైనా నత్తని చూస్తామంటే నేనేం చెప్పాలి?" అన్నారు ఆయన నాతో.

"గేటు దగ్గర ఉందిగా, జీవం ఉట్టిపడుతూ."

ఆయన "రెండ్రోజులేగా..." అని మొదలుపెట్టారు. నేను ఆయన ప్లేట్లో కూర వడ్డించాను.

"రోజుల లెక్క కాదు. ఆ గదికి ఏసీ తిరిగి బిగించేదాకా అవి మన గదిలోనే ఉంటాయి. వాటికి సరిపడా ఇరవైలో పెట్టాను, రిమోట్ మీ చెల్లెలి దగ్గరుంది. నాకు అత్తయ్య గదిలో చోటుంది. మీకు హాల్లో ఫ్యాన్ కింద పక్క వేశాను. ఉక్కపోస్తే బనియన్ విప్పుకోండి."