ఎస్తేర్ సీసా, రాజశ్రీ సీసా

మల్లాపూర్ పిల్ల ఎస్తేర్ చేసిన పనికి ఉప్పల్ ల్యాబులో అందరూ ముక్కున వేలేసుకున్నారు. బట్టలకు అద్దే రంగును తినేసే బ్యాక్టీరియాను నాచారం మురుగుకాల్వలో నాలుగేళ్లు వెతికి పట్టింది. పీహెచ్‌డీ అంతా దానిమీదే. అట్లాంటిది, పేపరు ఇంకా అచ్చుకాకముందే, చేసిన పద్ధతీ, లెక్కలూ, పాడైపోయిన ప్రయోగాలూ అన్నీ ఇంటర్నెట్‌లో ఒక పేజీ తెరిచి అందరికీ పెట్టేసింది.

"తలుపులు బార్లా తీసి పడుకుంటావేమిటమ్మా? ఎవడో ఎత్తుకుపోతాడు" అని గైడు సుబ్రహ్మణ్యం గారు గోలపెట్టారు. కాకినాడ మనిషి. మంచివారే గానీ, తన ఫలితాలు సొంత శిష్యులకు కూడా చూపించరు.

"వేరేటోళ్లు జేసి సూడకుంటే నిజమని ఎట్ల తెలుస్తది సార్?" అంది ఎస్తేర్.

ఎవరూ ఎత్తుకుపోలేదు. అంతకంటే పెద్ద దెబ్బే తగిలింది. విశాఖపట్నంలో పరిశోధన చేసే రాజశ్రీ అనే అమ్మాయి, ఎస్తేర్ దగ్గర్నుంచే బ్యాక్టీరియా తెప్పించుకుని, అదే పద్ధతిలో చేసి, రంగు పోలేదని అదే పేజీలో లోకమంతా చూసేలా రాసింది.

"చూశావా! ఆ పేజీ తీసెయ్. లేకపోతే నీ థీసిస్ గోవిందా" అన్నారు సారు.

ఎస్తేర్ బాత్రూములోకి పోయి ఏడ్చింది. మొహం కడుక్కుని వచ్చి, పేజీ తీసెయ్యలేదు సరికదా, ఫోను స్టూలుమీద నిలబెట్టి, రంగునీళ్ల సీసాలో బ్యాక్టీరియా వేసే ప్రయోగం మొదటినుంచి చివరిదాకా వీడియో తీసి అదీ పెట్టేసింది. మొండిఘటం!

మర్నాడు రాజశ్రీ ఫోన్ చేసింది. "సీసాని ఫ్రిజ్ మీద పెట్టారేమిటండీ?"

"బ్యాక్టీరియా పెంచే ఇంక్యుబేటర్ల సీనియర్లదే రాజ్యం. జాగ లేక గాడ పెడ్త. ఏమైంది?"

"ఆ మాట ఎక్కడా రాయలేదండీ. ఆ ఫ్రిజ్ వేడెక్కుతుందా?"

ఎస్తేర్ పోయి ఫ్రిజ్ పైన చెయ్యి పెట్టింది. ముసలి ఫ్రిజ్, మోటారు వేడంతా నెత్తికెక్కింది. థర్మామీటరు పెడితే నలభై. 'కదపకుండా ఉంచాలి' అని రాసింది గానీ, ఎక్కడో రాయాలని ఇన్నేళ్లూ తోచనే లేదు. అక్కడ రాజశ్రీ ఏసీ గదిలో బ్యాక్టీరియా చలికి మునగదీసుకుని పడుకుంది, పాపం.

ఎస్తేర్ తన పొరపాటును వెంటనే పేజీలో అందరికీ కనపడేలా రాసింది.

రెండు రోజులకు వీడియో కాల్. రాజశ్రీ చేతిలో ఈసారి వెచ్చగా ఉంచిన సీసా. నీలం రంగు పోయి నీళ్లు తేటగా మెరుస్తున్నాయి. "పోయిందండీ! మొత్తం పోయింది!" ఎస్తేర్ కేకకు ల్యాబంతా లేచి వచ్చింది. పైగా, రంగు ఫ్యాక్టరీల నీళ్లు బయటికొచ్చేదే వేడిగా! వేడిలోనే పనిచేసే బ్యాక్టీరియా కంటే ఇంకేం కావాలి? తర్వాత కోయంబత్తూరులో చేసి చూసినవాళ్ల నుంచీ అదే కబురు. ఎస్తేర్‌కు సంతోషం పట్టలేదు.

థీసిస్ మీద సంతకం పెట్టిన రోజు సుబ్రహ్మణ్యం గారు జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశారు. "నా ఫలితాలు కూడా ఆ పేజీలో ఎలా పెట్టాలో చూపించమ్మా."

"కుదరనియి గూడ పెట్టాలె సార్."

"అవే ఎక్కువమ్మా" అన్నారాయన, బిడియం లేకుండా.