పేరు తిన్న పేరు

తమిళనాడు కోవిల్‌పట్టిలో ఐదో తరగతి టీచరమ్మ, యువరాణి అనే పిల్లకు ఒక పని చెప్పి పంపింది. రోజూ సాయంత్రం ఇంగ్లీషు పాఠం ఇంట్లో ఎవరికైనా వినబడేట్టు చదవాలి. వినేవాళ్ళకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు, వింటే చాలు. వేసవిలో విరుదునగర్‌లో ఒక పెద్ద బడివాళ్ళు పిల్లల చేత చదివించి చూస్తారట. తడబడకుండా చదివిన పిల్లకు ఫీజు లేని సీటు. పెద్దమ్మ పట్టమ్మాళ్ ఇల్లు ఆ బడి పక్క వీధిలోనే కాబట్టి ఉండడానికీ చింత లేదు. ఇక కావలసిందల్లా పిల్ల నోరు, ఇంకొకరి చెవి.

తల్లి రాజాత్తి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది. అందుకని ఆ చెవి తండ్రి సోలైమలైది అయింది.

సోలైమలై వేరుశనగపప్పుతో కడలై మిఠాయి చేసే బట్టీలో పాకం కలిపే మనిషి. రోజంతా బెల్లం ఆవిరిలో నిలబడినా మాటకు తీపి అంటలేదు. ఆరో తరగతిలో వాచకం చదవమంటే తమిళాన్ని ఇంటి తెలుగు యాసలో లాగాడని క్లాసంతా ఘొల్లున నవ్వింది. మర్నాటి నుంచి బడి గడప తొక్కలేదు. చదువన్నా చదివేవాళ్ళన్నా అప్పటి నుంచీ ఒళ్ళు మంట.

యువరాణి ఇంగ్లీషు మాటల మీద పెన్సిలుతో తమిళ అక్షరాలు రాసుకుని చదివేది. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా తెలుగక్షరం ఎవరూ ఎరగరు. తమిళంలోనేమో బకూ పకూ ఒకటే అక్షరం. పాఠంలో ఎలుగుబంటి ఒక పండు తింటుంది. ఎలుగుబంటి బేర్, పండు పేర్. పిల్ల రాసుకున్నదాంట్లో రెండూ పేరే.

“ద పేర్ ఏట్ ద పేర్,” అని గొంతెత్తి చదివింది.

“ఏమే పాపా, పేరు పేరును తినేసిందా?” అన్నాడు సోలైమలై టీ గ్లాసు కింద పెట్టి. “ఎవరి పేరే? నీదా, నాదా?”

“కత అట్లే ఉండాది నాయనా.”

“నేను చెడగొట్టింది పోను మిగిలిన పేరు నువ్వు తినేసేట్టు ఉండావే!”

గోడవతల పక్కింటి మారిసెల్వి పకపకా నవ్వింది. “ఏమ్మా పేరుతిండీ, ఇంకొక తూరి చదువు!”

తన మాటకు ఒకరు నవ్వడం సోలైమలైకి అలవాటు లేదు. రుచి మరిగాడు. ఆ వాక్యం ఎప్పుడొస్తుందా అని కాచుకుని, పిల్ల కంటే ముందే “వచ్చింది పేరుతిండి” అనేవాడు. యువరాణి గొంతు తగ్గింది. తర్వాత గొంతే పోయి పెదవుల కదలిక మిగిలింది. ఇల్లు సద్దు మణిగిందని అతనికి హాయిగానే ఉంది.

“ఏమయ్యా, పాప చదవతా ఉండాదా? నువ్వు వింటా ఉండావా?” అని అడిగింది రాజాత్తి.

“కండ్లు చదివేదానికి నోరు ఏమిటికే? మనసులో చదవతాది.”

“టీచరమ్మ సత్తంగా, అందరికీ వినబడేట్టు చదవమనింది కదా.”

“ఆమెకేమి, నెలైతే సంబళం వస్తాది. నువ్వు సుమ్మా ఉండు, నోరెత్తొద్దు.”

వేసవిలో పిల్లను రైల్లో విరుదునగర్ తీసుకెళ్ళింది అతనే. ఆ బడి మేడమ్ మంచి మనిషి. పిల్ల బెదరకూడదని నవ్వుతూ ముందు తమిళంలో పేరడిగింది. తమిళంలోనూ పేరంటే పేరే. ఆ మాట చెవిన పడగానే యువరాణి గుమ్మంలో నిలబడ్డ తండ్రి వైపు చూసి తల దించుకుంది. సరే, నీ పుస్తకంలోదే చదువమ్మా అంది మేడమ్. పిల్ల కళ్ళు వరస వెంట పరుగెత్తాయి, పెదవులు కదిలాయి, పేజీ కూడా తిప్పింది. మాట మాత్రం బయటికి రాలేదు.

మేడమ్ పుస్తకం దగ్గరికి లాక్కుని పెన్సిలు రాతల మీద వేలు పెట్టింది. “ఇది బేర్, అది పేర్. మన తమిళ అక్షరం చేసిన మోసం, నీ తప్పు లేదు.”

బేర్. బేరంలో బే. బట్టీ ముందు కొనేవాళ్ళ నోట సోలైమలై రోజూ వినే మాటే. ఇంట్లో బువ్వ, బిడ్డ అనే పిల్ల నోటికి ఆ బ ఎంత పని? ఇందులో ఎవరు ఏమి తిన్నారే అని ఆ రోజు ఒక్క మాట అడిగి ఉంటే, మర్నాడు పిల్ల టీచరమ్మను అడిగి తెలుసుకునేది. అడగలేదు. నవ్వాడు.

“అర్థం తెలుస్తోంది. నోరు పెగలడం లేదు. ఈసారికి సీటు కుదరదండి,” అంది మేడమ్. “ఇంట్లో ఎవరైనా కూర్చుని వినండి.”

తిరుగు రైల్లో అతను పుస్తకం పిల్ల ఒళ్ళో పెట్టాడు. “చదువమ్మా, నేను వింటా.”

“వద్దు నాయనా. మనసులో చదువుకుంటా.”

అతను పుస్తకం తీసుకుని పెన్సిలు అక్షరాలు కూడబలుక్కున్నాడు. “ద పేర్... ఏట్... ద పేర్.” ఎదురు సీటువాళ్ళు ముసిముసిగా నవ్వారు. నవ్వనీ అనుకున్నాడు. “నువ్వూ నవ్వు పాపా. మీ నాయన తప్పు చదివినాడు.”

యువరాణి నవ్వలేదు. కిటికీ వైపు తిరిగింది. సాత్తూరు స్టేషను దాటుతుండగా ఆమె పెదవులు కలిసి, విడిపోయాయి. బ అన్నట్టే ఉంది.

“ఏమంటివి తల్లీ?” అని చెవి ఆమె నోటి దగ్గర పెట్టాడు.

పెదవులు మళ్ళీ కదిలాయి. రైలు చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.